ముప్పై నాలుగో నంబరు పేరేమిటి?

మా అక్క డాక్టరు. ఒంగోలులో చిన్న క్లినిక్. బీపీ, షుగరు, జ్వరాలు, ఆయాసాలు చూస్తుంది. అక్క కాకుండా ఐదుగురు ఉంటారు: కాంపౌండరు గారు, నర్సమ్మ, రిసెప్షన్‌లో ఒకమ్మాయి, ల్యాబ్ కుర్రాడు, ఆయమ్మ. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీరుని. కరోనా టైమ్‌లో బెంగళూరు నుంచి పెట్టె సర్దుకుని వచ్చినవాణ్ణి, ఇక్కడే ఉండిపోయా. మధ్యాహ్నం నుంచి కంపెనీ పని, పొద్దున పూట ఖాళీ. ఖాళీగా ఉన్న ఇంజినీరు ఇంట్లో ఉంటే ఏమవుతుందో మీకు తెలిసిందే. క్లినిక్‌ని బాగు చేస్తానని బయల్దేరా.

టోకెన్ల సాఫ్ట్‌వేర్ రాశా. గోడకి టీవీ పెట్టించా. ‘టింగ్’ అని మోగి నంబరు పడుతుంది, ఆ నంబరు వాళ్లు లోపలికి వెళ్లాలి. తోపులాట తగ్గింది, నిజమే. అక్కడితో ఆగినా బాగుండేది. ఒక్కో పేషెంటు దగ్గర ఎవరెంతసేపు గడిపారో లెక్కగట్టే పట్టిక కూడా పెట్టా. సగటు కంటే ఎక్కువ టైమ్ తీసుకుంటే పేరు ఎర్రగా కనిపిస్తుంది. మా కంపెనీలో మమ్మల్ని అలాగే కొలుస్తారు మరి!

ఆరు నెలలు తిరిగేసరికి రిసెప్షన్ అమ్మాయి నెలాఖరుకి మానేస్తానంది. అదే వారం నర్సమ్మ కూడా, ‘వేరేచోట చూసుకుంటానమ్మా’ అంది. మిరప కోతల రోజులు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి దగ్గులు, తుమ్ములు, ఒళ్లు మంటలతో జనం వస్తూనే ఉన్నారు. జీతం పెంచితే ఉంటారులే అనుకుని అక్క వెయ్యి రూపాయలు పెంచుతానంది. ఇద్దరూ తల అడ్డంగా ఊపారు.

నర్సమ్మ చెప్పిన మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది. ‘బాబూ, మొన్న ఒక ముసలమ్మకి నరం దొరకలేదు. చెయ్యి రుద్ది, కబుర్లు చెప్పి, నొప్పి తెలియకుండా రక్తం తీశా. ఆమె నా తల మీద చెయ్యిపెట్టి దీవించి వెళ్లింది. మీ కంప్యూటరేమో నా పేరు ఎర్రగా చూపించింది.’

ఆ రాత్రి అన్నం తింటూ అక్క, ‘ఇవాళ 61’ అంది. అంతే. ఇదివరకు ఇలా ఉండేది కాదు. మద్దిపాడు పెద్దాయన మనవరాలికి సంబంధం కుదిరిందట, చీమకుర్తి క్వారీలో పనిచేసే అతను బీడీ మానేశాడట అని చెబుతూ తినేది. ‘కుర్చీలో కూర్చోగానే ఎప్పుడు లేస్తానా అనిపిస్తోందిరా’ అంది. డాక్టరు మొహమే అలా ఉంటే స్టాఫ్ మొహాలు ఇంకెలా ఉంటాయి?

ఈ పరిస్థితిని ఇంగ్లిష్‌లో బర్నౌట్ అంటారు. అమెరికన్ సైకాలజిస్టు క్రిస్టీనా మాస్లాక్, సుసాన్ జాక్సన్ కలిసి 1981లోనే దీన్ని కొలిచే ప్రశ్నావళి తయారుచేశారు. అందులో చూసేవి మూడు: మనసు పూర్తిగా అలిసిపోవడం, ఎదుటి మనిషి వస్తువులా కనిపించడం, చేసిన పనికి విలువ లేదనిపించడం. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఇది జబ్బు కాదు గానీ పని వల్ల వచ్చే స్థితి అని తేల్చింది. మూడింట్లో రెండోది చదవగానే నాకు గోడ మీద టీవీ గుర్తొచ్చింది. మనుషుల్ని నంబర్లు చేసింది ఎవరో కాదు, నేనే.

ఇజ్రాయెల్‌లో ఒక ప్రయోగం చేశారు, 2008లో బయటికొచ్చింది. స్కాన్లు చదివే రేడియాలజిస్టులు పేషెంట్ల మొహం చూడరు కదా. యెహోనతన్ టర్నర్ అనే డాక్టరు స్కాన్‌తో పాటు పేషెంటు ఫొటో కూడా వచ్చేలా చేశాడు. వాళ్లు ఇంకాస్త శ్రద్ధగా చదివారు, పేషెంటు మీద దగ్గరితనం కలిగిందన్నారు. మూడు నెలల తర్వాత అవే స్కాన్లు ఫొటో లేకుండా ఇస్తే, మొదటిసారి పట్టుకున్న చిన్నచిన్న విషయాలు చాలావరకు వదిలేశారట.

ఆదివారం కూర్చుని కోడ్ మార్చా. బయట టీవీ మీద నంబరే ఉంటుంది, జబ్బు మాట నలుగురికీ తెలియక్కర్లేదు. లోపల అక్క, నర్సమ్మల స్క్రీన్ల మీద మాత్రం పేరు, ఊరు, కిందటిసారి మాట్లాడుకున్నదాంట్లో ఒక ముక్క. ‘కోడలు పురుడు’ అనో, ‘పొగాకు బ్యారన్ దగ్గర పని’ అనో. ఎర్ర పట్టిక తీసిపారేశా. దానికి చప్పట్లు కొట్టింది ఆయమ్మ ఒక్కతే.

అయితే సాఫ్ట్‌వేర్ మార్చినంత మాత్రాన అన్నీ సర్దుకోవు. అక్క ప్రతి పనీ తనే చేసేది. ఇన్సులిన్ ఎలా పొడుచుకోవాలో కూడా తనే చూపించేది. మదురైలో 1976లో డాక్టర్ వెంకటస్వామి 11 పడకలతో మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి కథ అక్కకి చెప్పా. పల్లెటూరి ఆడపిల్లల్ని తీసుకుని రెండేళ్లు నేర్పిస్తారక్కడ. డాక్టరే చెయ్యాల్సింది డాక్టరు చేస్తారు, మిగతాది ఆ పిల్లలదే. మన హైదరాబాద్‌లో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు మొదలుపెట్టిన ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు కూడా ఊళ్లలో కంటి కేంద్రాలకి స్థానిక యువతనే తీసుకుని శిక్షణ ఇస్తారు.

‘వాళ్లు పెద్దవాళ్లురా’ అంది అక్క. అంటూనే మంగళ, శుక్రవారాలు షుగరు పేషెంట్లకి తిండి, సూది, కాళ్ల జాగ్రత్తలు చెప్పే పని నర్సమ్మకి అప్పగించింది. ఒక గది, ఒక కుర్చీ, తలుపు మీద ఆవిడ పేరు. నెల తిరక్కుండానే టంగుటూరు నుంచి వచ్చినాయన, ‘షుగరు మేడమ్ ఉన్నారా?’ అని అడిగాడు. నర్సమ్మ మళ్లీ మానేస్తానన్న మాట ఎత్తలేదు.

రిసెప్షన్ అమ్మాయి సంగతి వేరు. ఆ పిల్లకి కావాల్సింది ఆ వెయ్యి కాదు. పీఎఫ్, జీతం స్లిప్పు. స్లిప్పు లేక బ్యాంకు వాళ్లు స్కూటీకి లోన్ ఇవ్వలేదట. 20 మంది కంటే తక్కువ ఉన్నచోట పీఎఫ్ తప్పనిసరి కాదు కాబట్టి మేమెప్పుడూ ఆలోచించలేదు. యజమానీ, ఎక్కువమంది ఉద్యోగులూ ఒప్పుకుంటే చిన్నచోట్ల కూడా స్వచ్ఛందంగా చేరొచ్చని తర్వాత తెలిసింది. మా ఆడిటర్ చేత కాగితాలు కదిలించేసరికి ఆ అమ్మాయి వెళ్లిపోయింది. పెద్ద ఆసుపత్రిలో చేరింది. తప్పు పట్టడానికేమీ లేదు. ఉన్న నలుగురికీ, కొత్తగా వచ్చిన అమ్మాయికీ ఇప్పుడు స్లిప్పులు వస్తున్నాయి.

అక్క తనకోసం చేసుకున్నది ఒక్కటే. గురువారం సాయంత్రం క్లినిక్ లేదు. మొదటి గురువారం ఏం చెయ్యాలో తోచక ఫోన్ చూసుకుంటూ కూర్చుంది. రెండోవారం బలవంతంగా కొత్తపట్నం సముద్రానికి తీసుకెళ్లా. వచ్చేటప్పుడు చేపలు బేరమాడుతూ, ఆ చేపలమ్మే ఆవిడ కాలి పుండు చూసి, ‘రేపు క్లినిక్‌కి రా’ అని చెప్పొచ్చింది. సెలవంటే ఇదా అని నేను తిట్టా.

నిన్న రాత్రి భోజనాల దగ్గర, ‘ఇవాళ 34వ నంబరు ఎవరో తెలుసా?’ అంది అక్క. నేను లెక్క చెబుతుందనుకున్నా. మానేసి వెళ్లిన మన రిసెప్షన్ అమ్మాయి వాళ్లమ్మట. కూతురు పనిచేసేది పెద్ద ఆసుపత్రిలో అయినా, బీపీ చూపించుకోవడానికి ఇక్కడికే వచ్చిందట. కూతురు స్కూటీ కొనుక్కుందట, దాని మీదే దింపి వెళ్లిందట.

‘రంగేమిటి?’ అని అడిగింది అమ్మ.

‘నీలం’ అంది అక్క, పప్పు వేసుకుంటూ.