దోరసెగ, ఓక్ పీపా, ఊట: ఒంటి పీపా విస్కీ రుచి – తెలుగు పదాల వివేచన

వ్యాస సంగ్రహం: ఓక్ పీపా విస్కీని నిలవచేసే పాత్ర మాత్రమే కాదు, అందులో కలిసే దినుసు కూడా. పీపా లోగోడలకు చూపే సెగ విస్కీ రుచిని ఎలా నిర్ణయిస్తుందో, ఆ ప్రక్రియను తెలుగులో చెప్పడానికి ‘మాగడం’ కంటే ‘ఊరడం’ ఎందుకు తగినదో ఈ వ్యాసం వివరిస్తుంది. కల్లుకుండ, నెల్లూరు సీమ చరిత్రలో నిలిచిన సారా ప్యాకెట్ ఇందుకు పోలికలు.

కీలక పదాలు: ఓక్ పీపా, దోరసెగ, ఒంటి పీపా విస్కీ, ఊట, కల్లు, సారా, నెల్లూరు.

1. పాత్ర – పానీయం

బుచ్చిరెడ్డిపాలెం వంటి ఊళ్లలో కల్లుగీత తెలిసినవారికి పాత్రకూ పానీయానికీ ఉన్న సంబంధం కొత్త విషయం కాదు. కుండ లోపల సున్నం పూసి తాటిచెట్టుకు కడితే కారిన రసం పులియదు. అది నీరా, కాచితే తాటిబెల్లం. సున్నం పూయని పాత కుండలో, మట్టి సూక్ష్మరంధ్రాల్లో దాగిన ఈస్ట్ వల్ల అదే రసం చెట్టుమీద ఉండగానే పులవడం మొదలై కల్లవుతుంది. పూట గడిస్తే పులుపెక్కుతుంది. కల్లుకు వయసు దోషం.

విస్కీ విషయంలో ఇది తలకిందులు. ధాన్యాన్ని పులియబెట్టి బట్టీ దించిన ద్రవానికి రంగు లేదు, వాసన ఘాటు. దాని రంగు, తీపి, పరిమళం చాలావరకు ఆ తరువాత పీపాలో వచ్చేవే. ‘పీపా’ అన్న మాట కూడా మన నేలది కాదు. పోర్చుగీసు ‘పిపా’ నుంచి ఓడల వెంట వచ్చింది. మాట ఇక్కడ నూనెకూ కిరసనాయిలుకూ స్థిరపడింది. మద్యాన్ని అందులో ఏళ్ల తరబడి ఉంచే అలవాటు మాత్రం మాటతోపాటు రాలేదు.

2. దోరసెగ – మాడ్పు

అమెరికా చట్టం ప్రకారం బోర్బన్ విస్కీని లోపల మాడ్చిన కొత్త ఓక్ పాత్రలోనే ఉంచాలి. అందులోకి పోసేటప్పుడు ఆల్కహాలు 62.5 శాతానికి మించరాదు. వాడుకలో ఉన్న పీపా సుమారు 200 లీటర్లది, అమెరికన్ తెల్ల ఓక్‌తో చేసినది. ఈ కలపలో నీటినాళాలు సహజంగానే పూడిపోయి ఉంటాయి కనుక అది కారదు.

పీపా లోపలికి వేడి రెండు రీతుల్లో చేరుతుంది. ఒకటి, తక్కువ వేడిని ఎక్కువసేపు చూపడం. రెండవది, మంటను నేరుగా తగిలించి క్షణాల్లో పైపొరను బొగ్గు చేయడం. మిక్కిలి గాఢమైన నాలుగో స్థాయి మాడ్పుకు కూడా నిమిషం లోపే పడుతుంది. తెలుగులో రెంటినీ ‘కాల్చిన పీపా’ అంటే అసలు భేదమే చెరిగిపోతుంది. దోరగా వేగిన ధనియాలూ మాడిన ధనియాలూ ఒకటి కావని వంటింటి భాషకు తెలుసు. కనుక మొదటిదాన్ని ‘దోరసెగ’, రెండవదాన్ని ‘మాడ్పు’ అనడం సమంజసం.

దోరసెగ కలప లోపలికి నెమ్మదిగా దిగుతుంది. కలపలోని హెమీసెల్యులోజ్ ముందుగా విరిగి చక్కెరలుగా మారి, పాకం పట్టిన బెల్లం వంటి రుచినిస్తుంది. లిగ్నిన్ విచ్ఛిన్నమై వెనిలిన్‌ను ఇస్తుంది. వెనిలా కాయలో ఉన్నదీ అదే పదార్థం. లవంగంలోని యూజినాల్ ఓక్‌లోనూ ఉంది. ఓక్ లాక్టోన్లు కొబ్బరి వాసనకు మూలం. వగరునిచ్చే టానిన్లు సెగకు మెత్తబడతాయి. మాడ్పు చేసే పని వేరు: బొగ్గుపొర ద్రవంలోని గంధక సంబంధమైన దుర్వాసనలను పీల్చుకుంటుంది. అంటే బొగ్గు తీసివేస్తుంది, దాని వెనుక సెగ తగిలిన కలప చేరుస్తుంది.

ఈ తేడాను ఆధారం చేసుకొనే 2014లో మిక్టర్స్ సంస్థ, అప్పటికే పీపాలో ఊరిన బోర్బన్‌ను దోరసెగ మాత్రమే చూపిన, మాడ్చని రెండో పీపాలోకి మార్చి విడుదల చేసింది. 2020లో ఎలైజా క్రెయిగ్ కూడా దోరసెగ పీపా విస్కీని తెచ్చింది.

3. ఒంటి పీపా

సాధారణంగా అనేక పీపాల ద్రవాన్ని కలిపి రుచిని ఏకరీతిగా నిలుపుతారు. ఒక్క పీపాలోనిదాన్నే సీసాల్లో నింపితే ఆ చెట్టు, ఆ సెగ, గోదాములో ఆ పీపా ఉన్న అంతస్తు అన్నీ రుచిలో బయటపడతాయి. 1984లో ఎల్మర్ టి. లీ ఆధ్వర్యంలో వెలువడిన బ్లాంటన్స్‌తో ఈ పద్ధతి బోర్బన్ వ్యాపారంలో నిలదొక్కుకొంది. మిశ్రమంలో దాగే దోషం ఇక్కడ దాగదు. ‘ప్రీమియం’ అన్న ముద్రకు కొంత కారణం ఇదే, మిగిలినది ప్రచారం.

ఎక్కువ ఏళ్లు ఉంటే ఎక్కువ మంచిదన్న నమ్మకం కూడా వాతావరణాన్ని బట్టి సడలవలసినదే. స్కాట్లాండ్‌లో పీపా నుంచి ఏటా సుమారు 2 శాతం ఆవిరైపోతే, బెంగళూరులో అమృత్ సంస్థ పీపాల నుంచి 10 శాతానికి పైగా పోతుంది. కలపతో రసాయనిక చర్య కూడా అంతే వేగం. వేసవిలో 40 డిగ్రీలు దాటే నెల్లూరు ఎండలో పన్నెండేళ్లు ఉంచిన పీపాలో మిగిలేది కలప వగరే కావచ్చు.

4. మాగడమా, ఊరడమా?

ఈ ప్రక్రియకు ‘మాగడం’ అన్న మాట సులువుగా తడుతుంది. కాని మామిడికాయ గడ్డిలో మాగినప్పుడు మార్పు కాయలోనిదే. గడ్డి రుచి కాయకు పట్టదు. పీపాలో పగటి వేడికి ద్రవం వ్యాకోచించి కలపలోకి దిగుతుంది. చల్లబడితే కలప సారాన్ని తీసుకొని వెనక్కి వస్తుంది. ఊటబావిలో నీరు ఊరడం, ఉప్పుకారాల్లో కాయ ఊరడం అన్న రెండర్థాలూ ఇక్కడ ఒకేచోట కలుస్తున్నాయి. గాలి తగిలి ద్రవం లోలోపల మెత్తబడే భాగానికి ‘మాగడం’ నప్పుతుంది. ఊరగాయ జాడీతో మాత్రం పోలిక కుదరదు: మెరుగుపూత పూసిన జాడీ తనలోనిదేదీ ఇవ్వదు.

తెలుగునాట బట్టీ భాషలో ‘ఊట’ ఉంది. అయితే అది బట్టీ పెట్టడానికి ముందు పులిసే బెల్లం ఊట. దించిన తరువాత సారాకు ఊరే కాలమే దక్కలేదు. 1980వ దశకంలో ప్రభుత్వ సారా పాలిథిన్ ప్యాకెట్లలో ఊరూరికీ చేరింది. ఓక్ పీపాకు పూర్తిగా ఎదురుగా నిలిచే పాత్ర ఇది: రుచినివ్వదు, వేచి ఉండనివ్వదు, అందులో అమ్ముడయ్యేది మత్తు ఒక్కటే. పీపాకు ఏళ్ల పెట్టుబడి కావాలి, ప్యాకెట్‌కు ఆనాటి కూలి చాలు. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతుల నుంచి లేచిన స్త్రీలు అడ్డుకొన్నది ఆ ప్యాకెట్‌నే. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషిద్ధమైంది. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలింది; విస్కీ దుకాణాలు తిరిగి తెరుచుకున్నాయి, సారా ప్యాకెట్ తిరిగి రాలేదు. ‘ఊట’ మాత్రం దినపత్రికల నేరవార్తల్లో, పోలీసులు పారబోసిన బెల్లం ఊటగా, నేటికీ వినిపిస్తూనే ఉంది.