కిలికి: 750 మాటలు, 40 సూత్రాలు

‘బాహుబలి’ మొదటి భాగం 2015 జూలై 10న విడుదలైంది. అందులో కాలకేయులనే తెగ నాయకుడి మాటలను ఊరూరా పిల్లలు అనుకరించారు. ఆ అరుపులకు అర్థం ఉందా, నోటికొచ్చింది అనేశారా? అర్థం ఉంది. ఆ భాష పేరు కిలికి. తమిళ గీత రచయిత మదన్ కార్కి సుమారు 750 మాటలతో, 40 వ్యాకరణ సూత్రాలతో దాన్ని తయారుచేశారు.

750 మాటలంటే ఎంత? రోజుకు పది చొప్పున నేర్చుకుంటే రెండున్నర నెలల పని. 1887లో పోలండుకు చెందిన జామెన్‌హాఫ్ ప్రకటించిన ఎస్పెరాంటో కూడా 16 సూత్రాలతో, సుమారు 900 మూల పదాలతోనే మొదలైంది. కాబట్టి ఇది చిన్న ప్రయత్నమేమీ కాదు.

మరి కిలికిలో నాలుకతో చేసే ‘టక్’ చప్పుళ్లేమిటి? నాలుకను అంగిలికి నొక్కి చటుక్కున లాగితే పుట్టే ధ్వనులవి. దక్షిణాఫ్రికాలోని జులు, ఖోసా భాషల్లో అవి మామూలు హల్లులే. రైతు ఎడ్లను అదిలించినా, మనం ఎవరిమీదైనా జాలిపడి ‘చ్చు చ్చు’ అన్నా చేసేది అలాంటి చప్పుడే. మనకది సైగ, వాళ్లకు మాటలో భాగం.

వ్యాకరణం కష్టమా? కార్కి ఆస్ట్రేలియాలో ఉన్నప్పుడు పిల్లలను ఆడిస్తూ సుమారు వంద మాటలతో ఒక ఆటభాష అల్లారు. కిలికికి పునాది అదే. అందుకే తేలికైన కిటుకులున్నాయి. ‘మిన్’ అంటే నేను. దాన్ని తిరగేస్తే ‘నిమ్’, అంటే నువ్వు. ఒకటి గుర్తుంటే రెండోది వెతుక్కోనక్కర్లేదు.

కథ ప్రాచీన కాలానిది కదా, భాష కూడా పాతదేనా? కాదు. నిజంగా పాతబడిన భాషలో మెలికలుంటాయి. తెలుగులో ‘వస్తాడు’ అంటాం, పిలిచేటప్పుడు మాత్రం ‘రా’ అంటాం. అలాంటివి తరాల వాడుకలో ఏర్పడతాయి, ఒక్కరు కూర్చుని రాస్తే రావు.

అయితే దీన్ని భాష అనవచ్చా? సూత్రాల ప్రకారం కొత్త వాక్యం కట్టగలిగితే అనవచ్చు. ‘స్టార్ ట్రెక్’ సినిమాల కోసం మార్క్ ఓక్రాండ్ కల్పించిన క్లింగన్‌కు 1985లో నిఘంటువే వచ్చింది. కిలికి నేర్పే వెబ్‌సైటును కూడా 2020 ఫిబ్రవరి 21న, అంతర్జాతీయ మాతృభాషా దినోత్సవం రోజునే ప్రారంభించారు.

ఉపాధ్యాయులకో మనవి. పిల్లలచేత ఇరవై మాటలు, ఐదు సూత్రాలతో ఒక చిన్న భాష కట్టించండి. బహువచనం ఎందుకు, విభక్తి ఎందుకు అన్నది వాళ్లకే తెలిసొస్తుంది. ఆ తర్వాత తెలుగు వ్యాకరణం వాళ్లను భయపెట్టదు.