దేవరగట్టు దారిలో బండి దిగబడితే: అపోహలు – వాస్తవాలు

దసరా రాత్రి బన్ని ఉత్సవానికి హొళగుంద మండలం దేవరగట్టుకు వేలమంది చేరతారు. తారురోడ్డు మీద బండ్లు బారులు తీరితే బొలెరోలు, ట్రాక్టర్లు చేలగట్ల వెంట బండ్లబాట పడతాయి. సాయంత్రం వాన పడిందా, నల్లరేగడి మట్టి టైరుకు చుట్టుకుని మడ్‌గార్డు దాకా పేరుకుంటుంది. చక్రం తిరుగుతుంది, బండి కదలదు. అప్పుడు అందరి చెయ్యీ ఫోను మీదికే పోతుంది.

112కు సిగ్నలే అక్కర్లేదని చాలామంది నమ్మకం. అందులో నిజం సగమే. మన సిమ్ టవర్ అందకపోయినా వేరే కంపెనీ టవర్ అందుతుంటే దాని మీదుగా కాల్ వెళ్లే వీలుంది. ఏ టవరూ అందని వంకలో 112 కూడా పోదు. పైగా ఇది కర్ణాటక సరిహద్దు. ఫోను అవతలి టవర్ పట్టుకుంటే కాల్ అక్కడి కంట్రోల్ రూములో మోగవచ్చు. అందుకే మీ పేరు కంటే ముందు "ఆంధ్రప్రదేశ్, కర్నూలు జిల్లా, హొళగుంద మండలం" అని చెప్పండి. తర్వాతే దగ్గరి ఊరు, గుడి, కాలువ.

సిగ్నల్ గీతలు నిండుగా ఉంటే కాల్ కలుస్తుందన్నది ఇంకో అపోహ. ఒక్క టవర్ మీద వేల ఫోన్లు పడిన రాత్రి గీతలుంటాయి, కాల్ కలవదు. ఎస్సెమ్మెస్ పెట్టండి. చిన్నది కాబట్టి సందు దొరికితే పోతుంది.

జీపీఎస్ మనమెక్కడున్నామో మనకు చెబుతుంది, ఇంకొకరికి చెప్పదు.

శాటిలైట్ ఫోన్ కొనుక్కుంటే సరిపోతుందనుకోవడం అన్నిటికంటే ప్రమాదం. అనుమతి లేకుండా థురయా, ఇరిడియం ఫోన్లు వాడటం మన దేశంలో నేరం. 2024 డిసెంబరులో శాటిలైట్ ద్వారా సందేశాలు పంపే ఇన్‌రీచ్ పరికరం వెంట ఉన్నందుకు ఒక కెనడా మహిళను గోవా విమానాశ్రయంలో పట్టుకున్నారు. అమెరికా నుంచి పండక్కి వచ్చే మన పిల్లలకు ఈ మాట ముందే చేరాలి. వాకీటాకీల్లో 446.0–446.2 మెగాహెర్ట్జ్ మధ్య పనిచేసే అర వాట్ లోపు సెట్లకు లైసెన్సు అక్కర్లేదు. ముందు బండికీ వెనక బండికీ అవి చాలు. గట్టు అడ్డమొస్తే మాత్రం డబ్బా మీద రాసిన కిలోమీటర్లు మరిచిపోవాల్సిందే.

నేను నమ్మేది చీటీని. బండి నంబరు, ఎంతమందిమి, ఏ ఊళ్ల మీదుగా పోతున్నాం, ఎన్ని గంటల్లోపు ఫోన్ రాకపోతే ట్రాక్టరున్న ఎవరిని లేపాలి. ఇవన్నీ రాసి, ఇంట్లో మెలకువగా ఉండే మనిషికి చదివి వినిపించి, క్యాలెండర్ మేకుకు గుచ్చి బయల్దేరతాం. దారి మార్చుకుంటే, సిగ్నల్ ఉన్న చివరి ఊళ్లోనే ఆపి ఆ సంగతి ఇంటికి చెబుతాం.