గాలపు దారమునకు ఏ రంగు మేలు?

చేపలు పట్టువారికి గాలము ఎంత ముఖ్యమో, దానికి కట్టు దారము కూడ అంత ముఖ్యము. పూర్వము అంగడిలో ఒకటి రెండు రకముల దారములే దొరకుచుండెడివి. నేడు తెలుపు, ఆకుపచ్చ, నీలము, ఎరుపు, గోధుమ, పసుపు మున్నగు అనేక వర్ణముల నైలాన్ దారములు అమ్మకమునకు వచ్చుచున్నవి. ఒకరు ఎర్రని దారము నీటిలో మాయమగునందురు. వేరొకరు నీలి దారము నీటిలో కలిసిపోవునందురు. ఈ మాటలు నమ్మి కూలి డబ్బులతో ఒకదాని తరువాత ఒకటి కొనువారు మన గ్రామములలో లేకపోలేదు. ఇందు నిజమెంతయో తెలిసికొన్నచో వృథావ్యయము తప్పును, వేటయు మెరుగుపడును. కావున ఈ విషయమును పాఠకుల కొరకు వివరించుచున్నాము.

2016వ సంవత్సరమున జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు బొంరాస్‌పేట మండలము మహబూబ్‌నగరు జిల్లానుండి వికారాబాదు జిల్లాలో చేరినది. ఈ ప్రాంతమున సంవత్సరము పొడవున నిండుగా పారు పెద్ద నది లేదు. తాండూరు మీదుగా పోవు కాగ్నా నది కూడ వానలనుబట్టి పారునదే. కావున ఇచ్చటి మత్స్యకారులకు చెరువులు, కుంటలే ప్రధానమైన ఆధారము. 2016-17వ సంవత్సరమున ప్రభుత్వము చెరువులలో నూరు శాతము రాయితీపై చేపపిల్లలను విడుచు పథకమును ప్రారంభించినది. బొచ్చె, రవ్వ, మోసు, బంగారుతీగ వంటి పెంపుడు చేపలును, స్వతస్సిద్ధముగా పెరుగు కొర్రమట్ట, జెల్ల, వాలుగలును మన చెరువులలో దొరకును. కొర్రమట్ట, అనగా కొరమీను, తెలంగాణ రాష్ట్ర చేపగా ఎన్నికైనదని పాఠకులెరుగుదురు.

చేపకు రంగులు తెలియునా?

చేపకు రంగులు తెలియవని పూర్వము కొందరు శాస్త్రజ్ఞులు వాదించిరి. ఇరువదవ శతాబ్ది ఆరంభమున కార్ల్ ఫాన్ ఫ్రిష్ అను శాస్త్రవేత్త చిన్న చేపలకు ఒక రంగును చూపి మేత పెట్టుట అలవాటు చేసెను. పిమ్మట మేత లేకున్నను అవి ఆ రంగునే వెదకికొని వచ్చుట చూపి, చేపకు వర్ణజ్ఞానము కలదని నిరూపించెను. జంతువుల నడవడినిగూర్చి చేసిన కృషికి ఆయనకు 1973లో నోబెల్ బహుమతి లభించినది. మనుష్యుని కంటిలో రంగులను గుర్తించు కణములు మూడు రకములు. బంగారుతీగకు దగ్గర బంధువైన గాజుతొట్టి బంగారు చేపకు నాలుగు రకములు కలవు. మనకు కనిపించని అతినీల కాంతిని సైతము అది చూడగలదు.

అయితే చేపలన్నియు కన్నునే నమ్ముకొని బ్రతుకునవి కావు. కొర్రమట్ట కంటితో చూచి వేటాడును. జెల్ల, వాలుగ వంటి మీసముల చేపలు వాసనచేతను, స్పర్శచేతను మేత వెదకికొనును. పైగా చేపకు రెండు ప్రక్కల పొడవునా ఒక గీత ఉండును. నీటి కదలికను ఆ గీత వెంబడి తెలిసికొనును. దారము కంటికి కనబడకున్నను, అది బిగువుగా కదలినచో చేప పసిగట్టవచ్చును. కావున రంగును గూర్చి ఆలోచించుటకు ముందు ఏ చేపకై గాలము వేయుచున్నామో నిశ్చయించుకొనవలెను.

నీటిలో రంగులు ఏమగును?

సూర్యుని తెల్లని వెలుతురులో అన్ని రంగులును కలసి ఉన్నవి. నీరు వాటిని సమానముగా లోనికి పోనీయదు. స్వచ్ఛమైన నీటిలో ముందుగా తరిగిపోవునది ఎరుపు. ముదురు ఎరుపు వెలుతురు అయిదు మీటర్ల లోతునకు పోవుసరికి అయిదింట ఒక వంతు మాత్రమే మిగులును. పది మీటర్ల లోతున నూటికి నాలుగైదు పాళ్ళు కూడ మిగలదు. నీలి వెలుతురు అన్నిటికంటె లోతునకు పోవును. లోతైన సముద్రము నీలముగా కనిపించుటకు కారణమిదియే.

ఎర్రని దారము నీటిలో మాయమగునను మాట ఈ సత్యమునుండియే పుట్టినది. కాని ఇందు రెండు పొరపాట్లు కలవు. మొదటిది: రంగు మాయమగుట వేరు, వస్తువు మాయమగుట వేరు. ఎర్రని వెలుతురు చేరని చోట ఎర్రని దారము నల్లని దారమువలె కనబడును గాని కనబడకుండ పోదు. రెండవది: మన చెరువు సముద్రము కాదు. గాలము వేయు చోట నీరు తరచుగా ఒకటి రెండు మీటర్లకు మించదు. అంత కొద్ది లోతులో ఎరుపు నశించిపోదు.

ఇంకొక విశేషము గమనింపదగినది. చెరువు నీటిలో మన్ను, కుళ్ళిన ఆకుల రసము, నాచు కలసి ఉండును. అట్టి నీటిలో ముందుగా తరుగునది నీలము. లోతునకు పోవునవి పసుపు, ఆకుపచ్చ, కొన్ని చోట్ల ఎరుపు కాంతులు. కావున సముద్రమునకు మేలని చెప్పబడు నీలి దారము మన బురదనీటిలో నల్లని గీతవలె తేటపడవచ్చును. సముద్రపు వేటకు చెప్పిన సలహాను చెరువునకు అన్వయించుకొనుటలో గల ప్రమాదమిదియే.

మన ప్రాంతములో నేల రంగు కూడ చోటునుబట్టి మారును. ఎర్రనేలల మీదుగా వచ్చిన వాననీరు ఇటుకరంగు నీరై చెరువులో చేరును. నల్లరేగడి మీదుగా వచ్చినది బూడిద రంగు పొందును. చలికాలములో మన్ను అడుగునకు దిగి నీరు కొంత తేరుకొనును. ఎండాకాలములో నీరు తగ్గి నాచు పెరిగి పచ్చబడును. ఒకే చెరువు ఏడాదిలో మూడు రంగులు మారునప్పుడు ఒకే దారము అన్ని కాలములకును సరిపడునని చెప్పజాలము.

తెల్లని దారము ఎందుకు కనబడును?

గాజువలె పారదర్శకమైన దారము కనబడదని చాలమంది తలంతురు. ఒక గాజుపుల్లను నీటిలో ముంచి చూడుడు. అది పూర్తిగా మాయము కాదు. వెలుతురు ఒక పదార్థమునుండి మరియొక పదార్థములోనికి పోవునప్పుడు వంగును. ఆ వంపు కొలతను వక్రీభవన గుణకమందురు. నీటికి అది 1.33, నైలానునకు సుమారు 1.53. ఈ భేదము ఉన్నంతకాలము దారము అంచున వెలుతురు వంగి మెరయును. ఫ్లోరోకార్బన్ అనబడు దారమునకు ఈ గుణకము సుమారు 1.42 మాత్రమే. కావున అది నైలానుకంటె తక్కువగా కనబడును. కాని దాని వెల హెచ్చు. తేటనీటిలో తప్ప ఆ హెచ్చు వెలకు తగిన ఫలితము రాదు.

చేప దారమును ఏ వైపునుండి చూచుననుట కూడ ముఖ్యమే. క్రిందినుండి పైకి చూచు చేపకు ఆకాశమంతయు 97 డిగ్రీల కోణము గల గుండ్రని కిటికీలో కనిపించును. ఆ వెలుగునకు ఎదురుగా నున్న దారము ఏ రంగుదైనను నల్లని గీతగానే తోచును. అప్పుడు రంగుకంటె దారము లావే ముఖ్యమగును. ప్రక్కనుండి చూచు చేపకు మాత్రము నీటి రంగుతో కలసిన దారము తక్కువగా కనబడును.

సన్నని దారము, దాని బలము

అట్లని మిక్కిలి సన్నని దారము కొనుట కూడ తగదు. దారము బలము దాని లావునకు వర్గముగా మారును. 0.40 మిల్లీమీటర్ల దారమునకు బదులు అదే రకపు 0.20 మిల్లీమీటర్ల దారము వాడినచో లావు సగమగును గాని బలము నాలుగవ వంతుకు పడిపోవును. దారము తెగినచో పోవునది చేప మాత్రమే కాదు. గాలము నోటిలో గ్రుచ్చుకొనిన చేప మేత తినలేక చావవచ్చును. అది ఆ చెరువు మీద బ్రతుకు వారందరికిని నష్టమే. దీనికి తోడు నైలాను తడిసినప్పుడు కొంత బలము కోల్పోవును. ఎండలో చాలకాలము ఉన్నచో పెళుసుబారును. కావున దారమును నీడలో ఉంచవలెను. ముడి బిగించుటకు ముందు తడి చేయవలెను. పాతబడిన కొసను కత్తిరించివేయవలెను.

చేయదగిన పరీక్ష

నీటి తేటదనమును కొలుచుటకు సులభమైన ఉపాయము కలదు. 1865లో ఏంజెలో సెక్కి అను ఇటలీ దేశపు శాస్త్రజ్ఞుడు మధ్యధరా సముద్రములో తెల్లని బిళ్ళను దింపి, అది ఎంత లోతున మరుగగునో చూచి నీటి తేటదనమును కొలిచెను. మన ఇంటిలోని తెల్లని పళ్ళెరమునకు త్రాడు కట్టి, అడుగున ఒక రాయి బిగించి, అటులనే దింపవచ్చును. అది జానెడు లోతులోనే మరుగైనచో ఆ నీటిలో దారము రంగును గూర్చి చింతింప పనిలేదు. చేపకు దూరపు చూపే ఉండదు గనుక బలమైన దారము వాడవచ్చును. ఎర వాసనపైనను, గాలము వేయు చోటుపైనను శ్రద్ధ చూపవలెను. పళ్ళెరము మూర లోతు దాటి కనబడినచో సన్నని దారమును, నీటిని పోలిన రంగును ఎన్నుకొనవలెను. పచ్చని నీటికి లేత ఆకుపచ్చ, మన్ను కలసిన నీటికి గోధుమరంగు, మిగుల తేటనీటికి రంగులేని దారము తగియుండును.

మెరయు పసుపురంగు దారములను గూర్చి ఒక మాట. ఇవి కంటికి కనబడని కాంతిని గ్రహించి పసుపు వెలుతురుగా వెలికి చిమ్మును. కావున నీటిలో ఎక్కువగా కనబడును. వీటి ప్రయోజనము చేపకు కాదు, పట్టువానికి. దారము ఎటు పోవుచున్నదో, ఎప్పుడు అదిరినదో గట్టుననున్న వానికి తెలియును. ఇట్టి దారము వాడువారు గాలము దగ్గర రెండు మూడు మూరల మేర రంగులేని దారమును ముడివేసికొనుట మంచిది.

ఎవరి మాటయు నమ్మనక్కరలేకుండ సత్యము తేల్చుకొనుటకు మరొక మార్గము కలదు. ఒకే లావు గల రెండు రంగుల దారములకు ఒకే రకపు గాలము, ఒకే ఎర కట్టి, ప్రక్కప్రక్కన వేయవలెను. గంటకొకసారి వాటి చోట్లు మార్చవలెను. ఒక్కొక్కదానికి పడిన చేపలను పది దినములు గోడమీద గీతలుగా గుర్తించుకొనవలెను. ఒకనాటి అదృష్టము ఆ గీతలలో మరుగుపడి నిజము తేలును.

వలల మాట

గాలమునకు చెప్పినది నీటిలో నిలిపికట్టు వలలకు మరింత వర్తించును. ఆ వలను చేప చూడకుండుటయే దాని పని. నూలు వలల కాలమున చెట్ల బెరడు కషాయములో వలను ఉడికించి గోధుమవన్నె తెచ్చెడివారు. నూలు కుళ్ళకుండుటకు చేసిన ఆ పని వలన వల బురదనీటిలో కలసిపోవు లాభము కూడ సమకూరినది. 1957లో కొచ్చిలో నెలకొల్పబడిన కేంద్ర మత్స్య సాంకేతిక పరిశోధన సంస్థ వలల పదార్థములను గూర్చి పరిశోధనలు సాగించి, నూలు స్థానమున కృత్రిమ నారలు వ్యాప్తి చెందుటకు తోడ్పడినది. నైలాను కుళ్ళదు. అది దాని గుణము, అదియే దాని దోషము కూడ. నీటిలో వదలిన నైలాను వల ఎవరికిని ప్రయోజనము లేకుండ సంవత్సరములు చేపలను చంపుచునే ఉండును. గట్టున పారవేసిన దారపు ముక్కలు కొంగల కాళ్ళకును, పశువుల డెక్కలకును చుట్టుకొనును. ఎంత కనబడని దారమైన అంత ప్రమాదము.

కావున మత్స్యకార సోదరులకు మేము చెప్పునదేమనగా: దారము కొనుటకు ముందు చెరువు నీటిని చూడుడు, రంగుకంటె ముందు లావును, బలమును పరీక్షింపుడు, వెల ఎక్కువైనంతమాత్రమున మేలని తలపకుడు. చెరువులో చేపలు పట్టు హక్కు మత్స్యకార సహకార సంఘమునకు ఉన్నచోట, వినోదమునకు గాలము వేయు యువకులు సంఘమువారి అనుమతి పొందుట ధర్మము. తెగిన దారమును చెరువులో విడువక ఇంటికి తెచ్చి పారవేయుడు. చెరువు బాగుగా ఉన్ననే చేప, చేప ఉన్ననే సంఘము నిలుచును.