కట్టడముల గుట్టు విప్పిన చిత్రకారుడు

ఆలయ శిఖరమునకు మ్రొక్కుదుమే గాని, అది యెట్లు లేచెనని చిన్ననాట మేమడిగినపుడు "ఆడపిల్లలకేల?" యనిరి. ఇంగ్లండున 1946లో జన్మించి, 11 ఏండ్ల ప్రాయమున అమెరికా చేరి, వాస్తువిద్య నభ్యసించిన డేవిడ్ మెకాలే గారు పాఠకుల నట్లు త్రోసిపుచ్చరు.

వారి 'కెథీడ్రల్' (1973) గ్రంథమున, కల్పితమగు నొక ఫ్రెంచి పట్టణములో 1252లో మొదలైన క్రైస్తవాలయము 86 ఏండ్లకు ముగియును. పునాది త్రవ్వుట, ఱాయి చెక్కుట, కమానురాళ్లు కూడువరకు వానిని మోయు కొయ్యచట్రము, అన్నియు సిరాగీతలలో గన్పట్టును. 'అండర్‌గ్రౌండ్' (1976) వీధిక్రింది గొట్టములను, పునాదులను జూపును.

పునాది త్రవ్వినవారు శిఖరమును జూడలేదు. అయినను ఈ పుటలలో వారి శ్రమ మరుగుపడలేదు. అమ్మాయి ప్రశ్నించినపుడు "నీకేల?" యనక, పలకమీద నొక గీత గీచి చూపుదము గాక!