రైటర్ అంటే రచయిత ఒక్కడేనా?

కోల్‌కతాలోని రైటర్స్ బిల్డింగ్ పేరు వినగానే అది కవులూ కథకులూ కొలువుదీరిన చోటనుకొనేవారున్నారు. 1777లో థామస్ లియాన్ కట్టనారంభించిన ఆ భవనం ఈస్టిండియా కంపెనీ గుమాస్తాల కోసం. కంపెనీ కొలువులో తొలిమెట్టు ఉద్యోగికే రైటర్ అని పేరు. 1744లో మద్రాసు చేరిన రాబర్ట్ క్లైవ్ కూడా రైటరే! చిట్టాలు రాసిన చేతులే తరువాత రాజ్యమేలాయి.

2013లో బెంగాల్ సచివాలయం హౌరాలోని నబన్నకు తరలినా, ఆ పాత అర్థం మన వాడుకలో చెరగలేదు. రిజిస్ట్రారు కార్యాలయం ముందు దస్తావేజు రైటరు, పోలీస్ స్టేషన్‌లో కేసులు రాసే రైటరు నేటికీ ఉన్నారు. కవిగారి పద్యంలో యతి తప్పితే పోయేదేమీ లేదు. దస్తావేజులో సర్వే నంబరు ఒక్క అంకె తప్పినా పొలం వివాదంలో పడుతుంది. అందుకే సంతకానికి ముందు చదివించుకోవాలి. ఎఫ్‌ఐఆర్ నకలును ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలని చట్టమే చెబుతోంది.