పేరు దాచి ప్రమాదము నాపుట

ధనికులు వినోదార్థమై సముద్రమున విహరించు నౌకలను యాట్లందురు. పెద్ద యాట్లపై పదిమందియో, యిరువదిమందియో జీతమునకు పనిచేయుచుందురు. నౌక ప్రక్కభాగమును కడుగువాని త్రాడు జారి, వాడు పడబోయి నిలిచెననుకొనుడు. గాలి చొరని గదిలోనికి దిగినవాడు తల తిరిగి, సకాలమున వెలికివచ్చెననుకొనుడు. ఎవ్వరును చావలేదు గనుక ఆ మాట యచ్చటనే సమసిపోవును. ఉన్నది కొలదిమందియే గనుక, చెప్పినదెవరో యజమాని యిట్టే గ్రహించును. కొలువు పోవునని భయము.

తప్పిన ప్రమాదమును లెక్కసేయకున్న నేమగునో యొక పెద్ద యోడ కథ తెలుపుచున్నది. 1987వ సంవత్సరము మార్చి 6వ తేదీన బెల్జియము దేశపు జీబ్రూగ్ రేవునుండి ‘హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్’ అను ప్రయాణికుల యోడ ముందరి తలుపులు మూయకయే బయలుదేరెను. నీరు చొచ్చి, కొలది నిమిషములలోనే ప్రక్కకు ఒరిగెను. 193 మంది మరణించిరి. తలుపులు మూయవలసినవాడు నిద్రించుచుండెను. ఆ కంపెనీవారి వేరొక యోడ 1983లోనే యిట్లు తలుపులు తెరచియే సాగి, దైవవశమున బ్రదికెను. తలుపులు మూసినదియు లేనిదియు తెలుపు దీపములను తమ యెదుట నుంచుడని కప్తానులు కోరగా, పైవారు పరిహసించిరి.

కావున లోపలివారు విననపుడు వెలుపల వినువాడొకడు కావలెను. బ్రిటను దేశమున ‘చిర్ప్’ అను ధర్మసంస్థ యాపని చేయుచున్నది. 1982లో విమానములకై యారంభమైన యీ పద్ధతి 2003లో నౌకలకును వ్యాపించెను. యాట్లవారును దానికి వ్రాయుచున్నారు.

ఇది ఆకాశరామన్న యుత్తరము కాదు. వ్రాయువాడు తన పేరు తెలుపును; ఆకాశరామన్నను మరల ప్రశ్నింప వీలులేదు గదా! సంస్థవారు సంగతి విచారించి, అతడంగీకరించిననే నౌక యజమానులతో ముచ్చటింతురు. అతని పేరు మాత్రము వారికి తెలుపరు. పిదప పేర్లును గుర్తులును తొలగించి, పాఠమును మాత్రము అచ్చువేసి పంచిపెట్టుదురు. శిక్షించుట వారి పని కాదు.

మన శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములనుండియు పలువురు యువకులు ఓడలపై కొలువునకు పోవుచున్నారు. వారు సెలవునకు వచ్చి, ‘తృటిలో తప్పినది’ అని చెప్పినపుడు, పెద్దలు దేవునికి కొబ్బరికాయ కొట్టించి యూరకుండరాదు. ‘నాయనా, ఈ సంగతి యెవరితో చెప్పితివి?’ అని కూడ నడుగవలెను.